పాత మిషన్లు, పాత కులాలు: సికింద్రాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ చరిత్ర

హైదరాబాద్ కంప్యూటర్ చరిత్ర అనగానే మనకు అప్పజెప్పే కథ ఒకటుంది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు, బండలూ గుట్టలూ ఉన్నచోట హైటెక్ సిటీ లేచింది, తెలుగువాళ్ళు అమెరికా విమానం ఎక్కారు. ఈ కథలో కంప్యూటర్ ఎప్పుడూ కొత్తదే, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినట్టు ఉంటుంది. దాని ముందు కూర్చున్న మనిషి ‘మెరిట్’ గలవాడు. మరి ఆ మిషన్ నాలుగేళ్ళకో ఐదేళ్ళకో ‘కండెమ్’ అయ్యాక ఎక్కడికి పోతుంది? దాన్ని ఎవరు మోస్తారు? ఎవరు విప్పి మళ్ళీ బతికిస్తారు? బతకని దాన్ని ఎవరు ముక్కలు చేసి ఇనుము వేరు, రాగి వేరు చేస్తారు? ఈ ప్రశ్నలు అడిగితే కథ మధ్యలోనే ఆగిపోతుంది. ఎందుకంటే ఇక్కడి నుంచి చెప్పాల్సింది కులం కథ.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒకటే. పాత మిషన్‌ను విప్పి, బాగుచేసి, మళ్ళీ పనిలో పెట్టే విద్య సికింద్రాబాద్‌లో దశాబ్దాలుగా ఉంది. ఆ విద్యను డిగ్రీ ఉన్నవాళ్ళు ప్రభుత్వరంగ సంస్థలో చేసినప్పుడు ‘స్వావలంబన’ అన్నారు. డిగ్రీ లేని కుర్రాళ్ళు దుకాణం వెనక గదిలో చేస్తే ‘లోకల్ మెకానిక్ పని’ అన్నారు. బస్తీలో, గోదాంలో చేస్తే ‘అనధికార రంగం’, ‘కాలుష్యం’ అంటున్నారు. పనిలో తేడా కొంత ఉంది, కాదనం. కానీ పేర్లలో ఉన్నంత తేడా పనిలో లేదు. ఆ మిగతా తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడమే ఇక్కడ మన పని.

కంటోన్మెంట్ నీడలో

సికింద్రాబాద్ పుట్టిందే దండు కోసం. 1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ సైన్యసహకార ఒప్పందం కుదిరింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగిన కంపెనీ దండుకు 1806లో సికందర్ జా పేరు పెట్టారు. 1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాప్ వచ్చింది. దండుకూ రైలుకూ కావలసిన మోతపని, తోలుపని, బంగళా పని, ఊడ్పు పని చేయడానికి పల్లెల నుంచి మాల మాదిగలు వచ్చి బస్తీలు కట్టుకున్నారు. దొర గడీ ముందు వెట్టి చేసే చోటి నుంచి కూలి డబ్బులు చేతికొచ్చే చోటికి రావడం వాళ్ళకు చిన్న మార్పు కాదు. రైల్వేలో ఉద్యోగం చేస్తూనే సంఘాలు కట్టిన అరిగె రామస్వామి ఈ సికింద్రాబాద్ మనిషే. పక్కనున్న హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. ఆ ఉద్యమాల చరిత్రను పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లీషులో రాసి 1955లో సికింద్రాబాద్‌లోనే అచ్చువేయించారు. కాబట్టి ఈ పట్నం పని చరిత్రను, దళిత చరిత్రను విడివిడిగా చదవలేం.

సైన్యానికీ రైల్వేకీ ఒక పద్ధతి ఉంది. అరిగిన సామానును లెక్కలోంచి కొట్టేసి వేలం వేస్తారు. దాన్నే బజారులో ‘కండెమ్డ్ మాల్’ అంటారు. వేలంలో పాట పాడాలంటే ముందే డిపాజిట్ కట్టాలి, లారీ మాట్లాడాలి, గోదాం ఉండాలి. అంటే పాట పాడేది పెట్టుబడి ఉన్న సేటు. సామాను ఎత్తేది, విప్పేది, సుత్తితో కొట్టి లోహం వేరుచేసేది రోజుకూలి. సామాను మీద హక్కు ఒకరిది, సామానుతో ఒళ్ళు రాపిడి ఇంకొకరిది. కంప్యూటర్ రాకముందే ఉన్న ఈ పంపకాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే కంప్యూటర్ వచ్చాక కూడా అదే కొనసాగింది.

దేశంలో దిగింది పాత కంప్యూటరే

పాత కంప్యూటర్లు వాడటమంటే పేదల తంటా అని మనకొక అభిప్రాయం ఉంది. నిజానికి ఈ దేశపు ప్రభుత్వాఫీసుల్లో కంప్యూటర్ల వాడకం పెరిగిందే పాత మిషన్ల మీద. ఐబిఎం కంపెనీ 1959లో అమెరికాలో 1401 అనే మోడల్ విడుదల చేసింది. 1964లో దానికన్నా మెరుగైన సిస్టమ్ 360 వరస ప్రకటించాక 1401 అక్కడ పాతబడిపోయింది. అలా వాడి పక్కనపెట్టిన మిషన్లను ఐబిఎం ఇక్కడికి తెచ్చింది, బొంబాయి ఫ్యాక్టరీలో బాగుచేసింది, మన సంస్థలకు అద్దెకిచ్చింది. భారతీయ రైల్వేల జోన్లు ఈ 1401లకు పెద్ద వాడకందారులు. జీతాల బిల్లులు, సరుకు రవాణా లెక్కలు పంచ్‌కార్డుల మీద ఈ మిషన్లలోకి ఎక్కేవి. పాతబడ్డ సరుకును తెచ్చి గట్టి అద్దె వసూలు చేస్తున్నారని 1975-76లో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ తప్పుపట్టింది.

ఈలోగా 1973లో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం వచ్చింది. విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్నది షరతు. ఐబిఎం ఒప్పుకోలేదు, 1978లో దేశం వదిలిపోయింది. కంపెనీ పోయింది కానీ మిషన్లు ఇక్కడే ఉన్నాయి. రైళ్ళ లెక్కలూ జీతాల లెక్కలూ వాటి కడుపులోనే ఉన్నాయి. వాటిని నడిపించే బాధ్యత 1975లో పెట్టిన ప్రభుత్వరంగ సంస్థ సిఎంసి మీద పడింది. ఆ సంస్థ మొదటి పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. మెయింటెనెన్స్ అంటే ఏమిటి? మరమ్మతే కదా. తయారుచేసిన కంపెనీ దేశంలో లేకున్నా పాత మిషన్‌ను ఆగకుండా నడిపించడమే దాని పుట్టుకకు అర్థం.

సిఎంసి పరిశోధన విభాగం సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో ఉండేది. రైల్వే టికెట్ల రిజర్వేషన్‌ను కంప్యూటర్లోకి ఎక్కించిన ‘ఇంప్రెస్’ వ్యవస్థను సిఎంసియే తయారుచేసింది. అది 1985లో ఢిల్లీలో మొదలైంది. దాని తర్వాతి తరం వ్యవస్థ ‘కాన్సర్ట్’ను రైల్వేల సొంత సంస్థ క్రిస్ రూపొందిస్తే, 1994 సెప్టెంబర్‌లో దాన్ని మొదట అమలుచేసింది సికింద్రాబాద్‌లోనే. 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ఇసిఐఎల్ 1969 నాటికే టిడిసి-12 అనే సొంత కంప్యూటర్ చేసింది. వీటిని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. పరాయి కంపెనీ వదిలేసిన మిషన్‌ను విప్పి చూసి, అర్థం చేసుకుని, దానికన్నా మంచిది కట్టడం గొప్ప పనే. అయితే ఆ గొప్పతనం మొదలైంది పాత మిషన్ మరమ్మతులో అన్న సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ పనిని ఎవరూ చిన్నచూపు చూడలేదు. దేశభక్తి అన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సిఎంసి, ఇసిఐఎల్ ప్రభుత్వరంగ సంస్థలు కాబట్టి వాటిలో ఎస్‌సి, ఎస్‌టి రిజర్వేషన్ల రోస్టర్ ఉండేది. రోస్టర్ ఎంత నిజాయితీగా నడిచిందనేది వేరే చర్చ. కనీసం తలుపు ఉంది, దాన్ని తట్టే హక్కు ఉంది. 2001లో ప్రభుత్వం సిఎంసిలో 51 శాతం వాటాను టాటాలకు అమ్మేసింది. 2015లో అది టిసిఎస్‌లో కలిసిపోయింది. ప్రైవేటు కంపెనీకి రోస్టర్ లేదు. ఏ కాలంలోనైతే జంటనగరాల్లో కంప్యూటర్లు వేల సంఖ్యలో పెరిగి, వాటిని బాగుచేసే మనుషుల అవసరం అంతకంతకూ పెరిగిందో, సరిగ్గా ఆ కాలంలోనే ఆ పనిని జీతం, పెన్షన్ ఉన్న ఉద్యోగంగా పొందే దారి మూసుకుపోయింది. పని మిగిలింది, ఉద్యోగం పోయింది. ఆ పని ఎక్కడికి పోయింది? పార్క్‌లేన్‌కు పోయింది.

పార్క్‌లేన్ వెనక గదులు

ప్యారడైజ్ చౌరస్తాకు దగ్గర్లోనే పార్క్‌లేన్. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పని తెలిసినవాళ్ళు ‘సిటిసి’ అనే పిలుస్తారు. 1991 తర్వాత దిగుమతులు సడలి, విడిభాగాలు తెచ్చి ఇక్కడే కూర్చుకునే ‘అసెంబుల్డ్’ కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచి జంటనగరాలకూ జిల్లాలకూ ఇదే పెద్ద బజారు. అద్దాల దుకాణాల్లో కొత్త సరుకు మెరుస్తుంది. దాని వెనకా, పైనా ఉన్న ఇరుకు గదుల్లో పాత సరుకు బతుకుతుంది.

ఈ పాత సరుకు ఎందుకు పుడుతుంది? మిషన్ చెడిపోవడం వల్లనే అనుకుంటే పొరపాటు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ విలువను ఏటా 60 శాతం చొప్పున తగ్గించి చూపించే వెసులుబాటు ఏళ్ళ తరబడి ఉండేది. 2017-18 నుంచి అది 40 శాతం. 60 శాతం లెక్కన లక్ష రూపాయల మిషన్ రెండేళ్ళకు కాగితం మీద 16 వేలకు దిగుతుంది. మిషన్ నిక్షేపంగా ఉంటుంది, లెక్కల పుస్తకంలో మాత్రం చచ్చిపోతుంది. రెండో కారణం సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పికి, 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఫలానా సెక్యూరిటీ చిప్, ఫలానా తరం ప్రాసెసర్ ఉండాలంటుంది. అవి లేవన్న నేరానికి పనిచేసే మిషన్లు ఆఫీసుల నుంచి బయటపడుతున్నాయి.

బయటపడ్డ మిషన్ బజారుకొచ్చాక మొదట జరిగేది ఏరివేత. ఆన్ అయ్యేది ఒకపక్క, కానిది ఒకపక్క. ఆన్ అయిన దాన్ని విప్పి, దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాస్తారు. ర్యామ్ చాలకపోతే ఇంకో మిషన్‌లోది తీసి వేస్తారు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి పెడితే పదేళ్ళ కిందటి మిషన్ కూడా పరుగెత్తుతుంది. ఆన్ కాని దాంట్లో ముందు కరెంటు డబ్బా చూస్తారు. ఉబ్బిపోయిన కెపాసిటర్ మార్చితే సగం మిషన్లు లేచి కూర్చుంటాయి. బోర్డు మీద చిప్ కింద టంకం విడిపోతే వేడిగాలి గన్‌తో చిప్ లేపి, చిన్నచిన్న టంకం గుండ్లు మళ్ళీ పేర్చి అతికిస్తారు. చేయి వణికితే బోర్డు పోయినట్టే. గుండు మానిటర్ల కాలంలో పాత మానిటర్‌కు ట్యూనర్ బోర్డు కలిపి టీవీ చేసి అమ్మేవాళ్ళు. బస్తీల్లో ఎన్నో ఇళ్ళలో మొదటి కలర్ టీవీ ఇట్లాంటిదే.

మిషన్‌తో పాటు సామగ్రి కూడా అంతే. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ రిబ్బన్ వెలిసిపోతే డబ్బా పారెయ్యకుండా లోపలి రిబ్బన్ ఒక్కటే మార్చేవాళ్ళు. ఇంక్ కార్ట్రిడ్జ్‌కు సిరంజితో సిరా ఎక్కించారు. లేజర్ ప్రింటర్ టోనర్ విప్పి, మిగిలిన పొడి దులిపి, కొత్త పొడి నింపి, డ్రమ్ము, బ్లేడు అరిగితే అవి మార్చి ఇచ్చారు. కంపెనీలు దీన్ని అడ్డుకోవడానికి కార్ట్రిడ్జ్ మీద లెక్కపెట్టే చిప్ పెట్టాయి. కుర్రాళ్ళు ఆ చిప్ మార్చడం కూడా నేర్చుకున్నారు. యూనివర్సిటీ గేటు ముందు జిరాక్స్ సెంటర్లో రూపాయికో రెండు రూపాయలకో పేజీ ప్రింటు దొరికిందంటే దాని వెనక ఈ రీఫిల్ ఉంది.

ఈ విద్య ఏ కాలేజీలో చెప్పారు? ఎక్కడా చెప్పలేదు. ఉస్తాద్ పక్కన నిలబడి, స్క్రూలు ఏరి ఇస్తూ, తిట్లు తింటూ, చాయ్ మోస్తూ నేర్చుకున్నారు. ఇందులో పాతబస్తీ ముస్లిం పిల్లలున్నారు, బస్తీల దళిత, బిసి పిల్లలున్నారు, పదో తరగతి తప్పినవాళ్ళు, ఐటిఐ మధ్యలో వదిలినవాళ్ళు ఉన్నారు. సర్కారు దృష్టిలో వీళ్ళు ‘నైపుణ్యం లేనివాళ్ళు’. సర్టిఫికెట్ లేకపోతే నైపుణ్యం లేనట్టే. వేదం చదవని నోటికి జ్ఞానం లేదన్న పాత తీర్పుకూ దీనికీ ఎంత దూరం ఉంది?

మన విద్యార్థులకు ఈ బజారు చేసిన మేలును కూడా లెక్కగట్టాలి. యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరానికి కొత్త ల్యాప్‌టాప్ అంటే ఇంటాయన ఏడాది కూలి. మాబోటి వాళ్ళం స్కాలర్‌షిప్ పడ్డ నెల పార్క్‌లేన్‌కు పోయి ఏదో ఆఫీసు వదిలేసిన మిషన్ తెచ్చుకుని డిసర్టేషన్లు టైపు చేసుకున్నాం. గ్యారంటీ నెల రోజులే, కానీ చెడిపోతే మళ్ళీ తీసుకెళ్ళడానికి ఒక మనిషి ఉన్నాడు. ఈ మాట ఎందుకంటే, పాత కంప్యూటర్లను ‘దానం’ చేసే కార్యక్రమాల్లో ఆ మనిషే ఉండడు. వెల్ఫేర్ హాస్టల్‌కు ఐదు మిషన్లిచ్చి ఫొటో దిగుతారు. మూడు నెలలకు ఒకటి ఆగుతుంది, ఏడాదికి అన్నీ ఆగుతాయి, గదికి తాళం పడుతుంది. దానం మిషన్‌ను ఇస్తుంది, మరమ్మతు విద్యను ఇవ్వదు. బెంగళూరులో ఒక బస్తీలో నడిచిన ‘అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్’ ఇంకో దారి చూపింది. అక్కడ పాత మిషన్ల మీద ఉచిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేసి, బస్తీ పిల్లలే నేర్చుకుని తమ తర్వాతి పిల్లలకు నేర్పేలా చూశారు. విద్య బస్తీలో నిలిచింది. మనకు కావలసింది అది.

లంద నుంచి బోర్డు దాకా

పార్క్‌లేన్‌లో కూడా బతకని మిషన్ ఉంటుంది. దాని దారి కబాడీ గోదాం. డబ్బా ఇనుముకు పోతుంది, చల్లబరిచే రెక్కలు అల్యూమినియానికి, కేబుళ్ళు రాగికి పోతాయి. బోర్డులు మూటగట్టి ఢిల్లీ వైపు పంపుతారు. ఉత్తరాదిలో ఢిల్లీ సీలంపూర్, ఇత్తడి పనికి పేరుపడ్డ మొరాదాబాద్ ఈ బోర్డుల వ్యాపారానికి కేంద్రాలయ్యాయి. అక్కడ బోర్డుల్ని కాల్చి, ఆసిడ్‌లో ముంచి రాగి, బంగారం తీసే పని ఇళ్ళ మధ్యనే జరిగింది. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ 2003లోనే దీనిమీద నివేదిక తెచ్చింది.

ఇక్కడ మన పల్లెను గుర్తుచేసుకోవాలి. పశువు చచ్చిపోతే ఊరి బయటికి ఈడ్చుకుపోయింది మాదిగ. తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్క వేసిన లందలో ఊనబెట్టి, పదునుచేసి, చెప్పు చేసింది మాదిగ. ఆ తోలుతోనే మోట బొక్కెన కుట్టాడు. ఆ మోటతోనే ఊరి పొలం తడిసింది. లందలో జరిగేది రసాయనశాస్త్రం. ఎన్ని రోజులు, ఎంత సున్నం, ఏ చెక్క అన్నది తరాల ప్రయోగంతో తేల్చుకున్న జ్ఞానం. ఊరు మోట నీళ్ళు తాగింది, మోట కుట్టినవాణ్ణి మాత్రం బావి దగ్గరికి రానివ్వలేదు. చచ్చినదాన్ని మళ్ళీ ఉపయోగంలోకి తెచ్చేవాడే అంటరానివాడయ్యాడు. దాన్ని వాడుకున్నవాడు శుచిగా ఉన్నాడు.

కంప్యూటర్ విషయంలోనూ జరుగుతున్నది ఇదే. మిషన్ మీద పనిచేసినవాడు ‘వైట్ కాలర్’. దాని శవాన్ని ముట్టుకున్నవాడు ‘కబాడీవాలా’. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని ఆపి పేరు రాసుకుంటాడు. అంబేద్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో చేసిన వాదన ఇక్కడ పనికొస్తుంది. కులం పనిని పంచే ఏర్పాటని సమర్థించేవాళ్ళకు ఆయన జవాబు, అది పనిచేసే మనుషుల్నే విడగొట్టి ఒకరికింద ఒకర్ని పేర్చుతుందని. కోడ్ రాసేవాడు, బోర్డు అతికేవాడు, బోర్డు పగలగొట్టేది ముగ్గురూ ఒకే మిషన్ మీద పనిచేసే కార్మికులే. కానీ ముగ్గురూ ఒక సంఘంలో కూర్చున్నది మనమెక్కడైనా చూశామా?

అట్లాగని ఈ పనిని పూలదండ వేసి పొగడలేం. లంద వాసన కవిత్వంలో బాగుండవచ్చు, చేతులు పుండ్లయినవాళ్ళకు బాగుండదు. కంప్యూటర్లో ఉన్న విషం అంతకన్నా ఎక్కువ. పాత గుండు మానిటర్ గాజులో కిలోకు అటూఇటుగా సీసం ఉంటుంది. పాత బోర్డుల మీది టంకంలో మూడో వంతుకు పైగా సీసం, మిగతాది తగరం. యూరప్ 2006 జూలై నుంచి సీసం టంకాన్ని చాలా వస్తువుల్లో ఆపింది, మన దేశంలో అట్లాంటి పరిమితి 2014 మే నుంచి అమలైంది. అంతకుముందు చేసినవన్నీ ఇప్పుడు గోదాముల్లో తేలుతున్నాయి. సీసం పసిపిల్లల మెదడు ఎదగనివ్వదు. కేబుల్ తొడుగు కాలిస్తే వచ్చే పొగలో డయాక్సిన్లు ఉంటాయి.

ఈ విషం ఎవరి గాలిలో, ఎవరి నీళ్ళలో కలుస్తుందనేది కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్‌ను చూడండి. తోళ్ళ గోదాములూ, పాత ఇనుము, ప్లాస్టిక్ గోదాములూ ఒకే బస్తీలో పక్కపక్కనే ఉంటాయి. 2009 మేలో అక్కడ మురుగు కలిసిన కుళాయి నీళ్ళు తాగి జనం చనిపోయారు. తోలుకూ తుక్కుకూ చోటిచ్చిన బస్తీకి మంచినీళ్ళ పైపు సరిగా వేయడానికి మాత్రం నగరానికి చేతకాలేదు.

చట్టం ఎవర్ని చూస్తుంది?

ప్రమాదకర వ్యర్థాలను ధనిక దేశాలు పేద దేశాల మీద కుమ్మరించకుండా 1989లో బాసెల్ ఒప్పందం కుదిరింది, భారతదేశం 1992లో దాన్ని ఆమోదించింది. అయినా వాడేసిన కంప్యూటర్లు రకరకాల పేర్లతో ఆసియాకు వస్తూనే ఉన్నాయని 2002లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ నివేదిక బయటపెట్టింది. మన దేశంలో ఈ-వ్యర్థాలకు ప్రత్యేక నియమాలు 2011లో తయారై 2012 మే 1 నుంచి అమలయ్యాయి. తర్వాత 2016లో ఒకసారి, 2022లో ఇంకోసారి కొత్త నియమాలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినవి.

వీటి సారం ఇది. సరుకు తయారుచేసిన కంపెనీయే దాని చావుకు కూడా బాధ్యత పడాలి. 2023-24, 2024-25లలో 60 శాతం, ఆ తర్వాత రెండేళ్ళు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం మేరకు తుక్కు రీసైకిల్ అయినట్టు కంపెనీ చూపించాలి. అందుకు నమోదైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. సూత్రంగా ఇది మంచిదే. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వ్యర్థం పుడితే, సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. ఈ వ్యర్థం పుట్టించడంలో చైనా, అమెరికాల తర్వాత మన దేశమే. కట్టడి కావాలి.

కానీ సర్టిఫికెట్ ఎవరు ఇవ్వగలరు? షెడ్డు, యంత్రాలు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళు. ప్రభుత్వాఫీసుల పాత కంప్యూటర్లు ఇప్పుడు ఎంఎస్‌టిసి లాంటి సంస్థల ఆన్‌లైన్ వేలంలో, అనుమతి ఉన్న కంపెనీలకే పోతాయి. 2016 నియమాల్లో ‘విప్పేవాడు’ అనే వర్గం వేరుగా ఉండేది. 2022 నియమాల్లో తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసేవాడు, రీసైక్లర్ మాత్రమే మిగిలారు. వేల చేతులు చేసే విప్పే పనికి చట్టంలో సొంత గది లేకుండా పోయింది. కంటోన్మెంట్ వేలంలో సేటు పాడితే కూలి విప్పాడని మొదట్లో అనుకున్నాం కదా, ఆ పంపకానికి ఇప్పుడు చట్టం ముద్ర పడింది. చట్టం టన్నుల్ని లెక్కపెడుతుంది. ఆ టన్నులు ఎత్తినవాళ్ళు ఎవరు, ఏ కులం, ఆడా మగా, ఎన్నేళ్ళకు దగ్గు పట్టింది అని లెక్కపెట్టదు.

అయితే ఇదే చట్టంలో మనవాళ్ళు పెద్దగా పట్టించుకోని ఒక చోటు ఉంది. 2016 నియమాలూ 2022 నియమాలూ రాష్ట్ర ప్రభుత్వాల మీద కొన్ని బాధ్యతలు పెట్టాయి. విప్పే, రీసైకిల్ చేసే పనికి పారిశ్రామికవాడల్లో స్థలమో షెడ్డో కేటాయించాలి. ఈ కార్మికుల్ని గుర్తించి నమోదు చేయాలి. వాళ్ళు బృందాలుగా ఏర్పడి సొంత కేంద్రాలు పెట్టుకోవడానికి సాయపడాలి. నైపుణ్య శిక్షణ ఇవ్వాలి. వాళ్ళ ఆరోగ్యం, భద్రత మీద ఏటా కన్నేసి ఉంచాలి. ఇవి మనం కోరుకుంటున్న కోర్కెలు కావు, ఇప్పటికే రాసి ఉన్న మాటలు. 2024లో పారిశుద్ధ్య కార్మికుల కోసం ఉన్న కేంద్ర పథకం ‘నమస్తే’లో చెత్త ఏరేవాళ్ళను కూడా చేర్చారు. తెలంగాణలో 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కులసర్వేలో వృత్తి కూడా అడిగారు. కాబట్టి లెక్క తీయడం కుదరదన్న సాకు ప్రభుత్వానికి లేదు.

వదిలేద్దామా, అడుగుదామా?

ఇక్కడ మన ఉద్యమంలోనే పాత చర్చ ఒకటి మళ్ళీ ఎదురవుతుంది. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేద్కర్ చచ్చిన పశువుల్ని ఈడ్చే పని మానేయమన్నారు. 2016 జూలైలో గుజరాత్ ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకుల్ని కొట్టినప్పుడు అక్కడి దళితులు కళేబరాలు ఎత్తమని తిరగబడ్డారు, భూమి ఇవ్వమని అడిగారు. కాబట్టి ‘మన పిల్లలు తుక్కు దగ్గర ఎందుకుండాలి, అందరూ పైకి పోవాలి’ అనేవాళ్ళ మాటలో బలం ఉంది. ఇంకోపక్క, ‘ఈ పని మీదే లక్షలమంది బతుకుతున్నారు, చట్టం పేరుతో గోదాములు మూస్తే వాళ్ళేమవుతారు’ అనేవాళ్ళ మాటలోనూ నిజం ఉంది.

ఈ రెండింటినీ ఎదురుబొదురుగా నిలబెట్టనవసరం లేదు. మహాడ్ చెప్పింది బలవంతపు పనిని వదలమని, విద్యను వదలమని కాదు. మాదిగ లందను వదిలాక తోలు పరిశ్రమ ఆగిపోలేదు. పెట్టుబడి ఉన్న ఇతర కులాల చేతుల్లోకి పోయి లాభసాటి పరిశ్రమైంది. ఆ విద్య పుట్టించినవాళ్ళకు అందులో కూలి మిగిలింది. పాత కంప్యూటర్ల రంగం ఇప్పుడు సరిగ్గా ఆ మలుపులో ఉంది. రేపు ఇది పెద్ద కంపెనీల పరిశ్రమ అవుతుంది. మురికి ఉన్నన్నాళ్ళు మనది, లాభం మొదలయ్యాక వాళ్ళది అనే వరస ఇంకోసారి నడవనివ్వకూడదు.

అందుకే అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. పార్క్‌లేన్‌లో, బస్తీల్లో ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళ నైపుణ్యానికి పరీక్ష పెట్టి ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వాలి. మంచి మిషన్‌ను బాగుచేసే పనికి ‘బాగుచేసేవాడి’గా నమోదయ్యే దారిని చిన్న దుకాణాలకు సులువు చేయాలి. విప్పే పనివాళ్ళు సహకార సంఘం పెట్టుకుంటే షెడ్డు, మొదటి పెట్టుబడి ఎస్‌సి కార్పొరేషన్ నుంచి రావాలి, ప్రభుత్వాఫీసుల వేలంలో ఆ సంఘాలకు వాటా ఉండాలి. ఆసిడ్, కాల్పుడు పని బస్తీల నుంచి పోవాలి. దాన్ని హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ లాంటి ప్రభుత్వ పరిశోధనా సంస్థలు బోర్డుల నుంచి లోహం తీసే పద్ధతుల మీద చేస్తున్న పనితో కలపాలి. సంక్షేమ హాస్టళ్ళకు మిషన్లు ఇచ్చేవాళ్ళు మరమ్మతు శిక్షణ కూడా ఇవ్వాలి. ఈ పని ఇష్టం లేని పిల్లవాడికి చదువు దారి తెరిచే ఉండాలి.

మన పరిశోధకులకు కూడా ఇక్కడ సొంత అక్కర ఉంది. 1990లలో దళిత ఉద్యమం తెచ్చిన చిన్న పత్రికలు, కరపత్రాలు, సంకలనాలు ఎన్నో డిటిపి సెంటర్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫైళ్ళు ఫ్లాపీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో, యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌కు ఫ్లాపీ పెట్టే సందే లేదు. అవి చదవాలంటే పాత డ్రైవు కావాలి, దాన్ని ఆడించే పాత మిషన్ కావాలి, ఆ రెండింటినీ కలపగల చేయి కావాలి. ఆ మూడూ దొరికేది యూనివర్సిటీ లైబ్రరీలో కాదు, పార్క్‌లేన్ వెనక గదిలో. ఇట్లాంటి ఫ్లాపీలు ఎవరి దగ్గరున్నా తుక్కుకు వేయకండి. ఈ పత్రిక చదివే కార్యకర్తలు, టీచర్లు తమ ఊళ్ళో పాత కంప్యూటర్లు ఎవరు బాగుచేస్తున్నారో, ఎవరు విప్పుతున్నారో, ఏ బస్తీలో, ఎంత కూలికి, ఏ జబ్బులతో అన్నది రాసి పెట్టడం మొదలుపెట్టాలి. చట్టంలో ఉన్న బాధ్యతను ప్రభుత్వం ముందు పెట్టి అడిగే రోజున మన చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం ఆ జాబితానే.